అద్దం మీద తువ్వాలు

ఆ రోజుల్లో కాకినాడలో ఎవరూ ఒంటరిగా స్నానం చేసేవారు కాదు. ప్రతి స్నానాలగదిలోనూ ఒక నిలువుటద్దం ఉండేది. దాని అసలు పేరు చర్మదర్శిని. జనం మాత్రం అత్తయ్య అనేవారు.

"మా అత్తయ్య ఇవాళ నా తామర మీద పెద్ద పాఠమే చెప్పిందండీ," అని పడవబస్సులో ఒకరంటే, "మీది నయం, మా అత్తయ్యకి నా వీపు తప్ప వేరే లోకం లేదు," అని ఇంకొకరు నవ్వేవారు. సముద్రం ఊళ్లోకి వచ్చి, వీధులు గట్లెక్కి, తడి గాలికి ఒళ్లన్నీ దద్దుర్లయిన కాలం అది.

అద్దం వెనక పలుచని సెన్సర్ల పొర ఉండేది. ఒంటి మీద పడి తిరిగివచ్చిన కాంతిని అది చదివి, ఆరోగ్యంగా ఉన్న మనిషి నమూనాతో పోల్చుకునేది. తేడా కనిపిస్తే చెప్పేది, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో కూడా మొహమాటం లేకుండా చెప్పేది. మనిషి పక్కకు తప్పుకుని చూపు మధ్యలో తెగితే, అప్పటిదాకా చూసింది మరిచిపోయేది. అది గోప్యతకోసం పెట్టిన నియమం.

దాన్ని తయారుచేసినవాడు నిశాంత్. పెళ్లికి ముందు, మొదటి అద్దానికి మగవాళ్ల నమూనా కావలసివస్తే, వేరే ఎవరినో ఎందుకని తనే బట్టలు విప్పి నిలబడ్డాడు. మనిషి సిగ్గు లోతులు తనకు తెలిసినట్టు ఎవరికీ తెలియవని అతని నమ్మకం. డాక్టరుకు చూపించలేనిది అద్దానికి చూపిస్తారని అతని సిద్ధాంతం. దానికి అతను మరొకటి చేర్చాడు, జంట సూచన. జబ్బు అంటుకునేదైతే అద్దం ఆ సంగతి భార్యాభర్తలిద్దరి చేతిపట్టీలకూ ఒకేసారి పంపుతుంది. ఒకరికి మందు వేసి రెండోవాళ్లను వదిలేస్తే ఏం లాభం? డాక్టర్లందరూ మెచ్చుకున్నారు.

ఒక్క అతని భార్య ఆముక్త మెచ్చుకోలేదు.

"ముందు నాకు చెప్పనియ్. నీకు నేను చెప్పుకుంటాను. మధ్యలో అత్తయ్య ఎందుకు?" అంది. ఆమె పడవబస్సుల డిపోలో వేళలు చూసే ఉద్యోగి.

"నువ్వు చెప్పుకోలేనిది ఏముంటుంది?" అన్నాడతను, నవ్వుతూ.

ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వును అతను తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నాడు.

మరుసటి ఏడు చాలా ఇళ్లలో అద్దాలు గుడ్డివవుతున్నాయని తెలిసింది. ఆవిరి వల్ల అనుకుని నిశాంత్ సెన్సర్ల పొర మార్పించాడు. లాభం లేకపోయింది. చివరికి కారణం తన ఇంట్లోనే కనిపించింది. అద్దం మీద ఆముక్త నీలం తువ్వాలు వేలాడుతోంది.

"కొక్కెం ఉండగా అద్దం మీద ఆరేశావేం?"

"అత్తయ్య ముందు ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడమంటావా? మా అమ్మ అలా పెంచలేదు బాబూ."

అతను పకపకా నవ్వాడు. ఆ వారం ఒక సభలో ఆ మాట చెప్పి అందరినీ నవ్వించాడు కూడా. అయితే ఆ తువ్వాలు అక్కడే ఎన్ని నెలలు ఉందో అతను గమనించలేదు.

వేసవిలో ఆముక్త డిపోలో కుర్చీలోంచి లేవబోయి పడిపోయింది. చీరంతా రక్తం.

డాక్టర్ రజియా పరీక్ష ముగించి నిశాంత్‌ను గదిలోకి పిలిచింది. ఆమె ఏ మాటనూ తిప్పి చెప్పే మనిషి కాదు.

"గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్. ముదిరిపోయింది. కలిసినప్పుడల్లా రక్తం కనిపిస్తోందట, చాలాకాలంగా. నాతో కూడా ఇప్పుడే చెప్పింది."

"ఎందుకు దాచింది?"

"జననాంగాల దగ్గర పులిపిర్లున్నాయి. అవి ఎవరైనా చూస్తారని దాచింది."

నిశాంత్ నోట్లోంచి ఒకే మాట వచ్చింది. "ఎవరు?"

"ఏంటి ఎవరు?"

"ఎవరి వల్ల వచ్చాయి?"

రజియా ఫైలు మూసింది. "మీలాంటివాళ్లు కూడా ఇదే అడుగుతారా? చూడండి నిశాంత్‌గారూ. ఇది వైరస్. చర్మానికి చర్మం తగిలితే చాలు, కలయికలో అంటుకుంటుంది. కండోమ్ కొంతవరకే కాపాడుతుంది. పులిపిరి కనిపించనివాళ్ల నుంచి కూడా వస్తుంది. ఒంట్లో చేరాక నెలలు నిద్రపోవచ్చు, ఏళ్లు నిద్రపోవచ్చు. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో నేను చెప్పలేను. మీ అద్దం వల్లా కాదు."

"టీకా ఉంది కదా?"

"వరదల ఏడు బళ్లలో వెయ్యలేదు. ఆ ఏటి పిల్లలే మీరిద్దరూ." ఆమె గొంతు తగ్గించింది. "పులిపిర్లు చంపవండీ. వాటిని తెచ్చే రకాలు వేరు, క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు. రెండూ వచ్చే దారి ఒకటే. మొదటి పులిపిరి కనిపించినప్పుడే నా దగ్గరికి వచ్చుంటే, అవి తీసేసేదాన్ని, క్యాన్సర్ కూడా మొదట్లోనే దొరికిపోయేది. సిగ్గుపడింది మనిషి. అంతే."

వార్డులో ఆముక్త అతని ముఖం చూసి కళ్లు దించుకుంది. ఎవరని అతను ఆమెను అడగలేదు. అడగకపోవడం తన గొప్పతనం అనుకున్నాడు. కానీ రోజూ పండ్లు కోసి ఇస్తూ, దిండు సర్దుతూ, అతని చేతులు ఆ ప్రశ్ననే అడిగేవి. అది ఆమెకు తెలుస్తూనే ఉండేది.

ఒక ఉదయం ఇంట్లో తువ్వాలు తీసి అద్దం ముందు నిలబడ్డాడు.

"మీరు క్షేమం," అంది అద్దం, ఎప్పటిలాగే.

తనను తనతోనే పోలుస్తోంది కదా అని అతనికి అనుమానం వచ్చింది. "నన్ను నమూనాతో పోల్చకు. నమూనానే పరీక్షించు."

అద్దంలో పాత బొమ్మ వెలిగింది. పెళ్లికి ముందటి తను. తొడ మొదట్లో, చీకటి మడతలో, చిన్న గుత్తి. అప్పట్లో వేడికి లేచిన పొక్కులనుకున్నాడు. కొన్నాళ్లకు వాటంతటవే పోయాయి. అతనూ మరిచిపోయాడు.

"జననాంగ పులిపిర్లు," అంది అద్దం. "పులిపిర్లు పోయినా వైరస్ చర్మంలో మిగిలి ఉండొచ్చు. మీరూ, మీ భాగస్వామీ డాక్టరును కలవండి."

"నాకు ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మీరే నమూనా. నమూనాలో తప్పు వెతకమని నాకు ఎవరూ చెప్పలేదు." అద్దం అంచున దీపం వెలిగింది. "ఇది అంటుకునేది. జంట సూచన సిద్ధమవుతోంది. ఆముక్తగారి చేతిపట్టీకి పంపుతాను. దయచేసి కదలకండి."

ఆసుపత్రిలో ఆ చేతిపట్టీ ఇప్పుడు ఎముక మీద వదులుగా జారుతూ ఉంటుంది. ఆమె ఆ మాట చదువుతుంది. తనది తప్పు కాదని తెలుసుకుంటుంది. ఇన్ని నెలల సిగ్గు ఎవరిదో తెలుసుకుంటుంది.

ఇవన్నీ నిశాంత్‌కు ఒక్క క్షణంలో తోచాయి. తన సిద్ధాంతం గుర్తుకు రాకముందే చెయ్యి కదిలింది. నీలం తువ్వాలు అద్దం మీద పడింది. చూపు తెగి, సూచన వెళ్లకుండానే దీపం ఆరిపోయింది.

ఆ సాయంత్రం ఆముక్త మెలకువగా ఉంది.

"ఎవరి నుంచి వచ్చిందో ఏమైనా తెలిసిందా?" అంది మెల్లగా.

"తెలుసుకోవడానికి వీల్లేదంది రజియాగారు."

"మా డిపోలోనూ అంతే. పడవ ఆలస్యమైతే ఏ రేవులో మొదలైందో ఒక్కడూ ఒప్పుకోడు." నవ్వబోయి దగ్గింది. "నేను ఎప్పుడూ... నీతో తప్ప... నమ్ముతావా?"

"నమ్ముతాను."

"అయినా నీ మనసులో ఒక ముల్లుంటుంది. ఉంటుందిలే, నాకు తెలుసు. నా ఒంట్లోనే కదా కనబడింది." అతని చెయ్యి పట్టుకుంది. "పోయేముందు ఒక్కటి చెప్పు. నన్ను క్షమించావా?"

కిటికీ అవతల ఆఖరి పడవబస్సు గంట కొట్టింది. చెప్పడానికి అతనికి ఇంకా సమయం ఉంది.

"ఆఁ," అన్నాడు. "క్షమించాను."

ఆముక్త ముఖం విచ్చుకుంది. ఏదో బరువు దిగినట్టు తల దిండు మీద వాల్చింది.

"దేవుడిలాంటివాడివి. ఇంట్లో అత్తయ్య ఎలా ఉంది? ఇంకా ఆ తువ్వాలు వేలాడుతూనే ఉందా?"

"ఉంది."

"తీసెయ్. ఇంకా ఆవిడ దగ్గర దాచుకునేది ఏముంది?"

"తీసేస్తాను," అన్నాడు నిశాంత్.

తియ్యలేదు.