కట్ చెప్పిన తర్వాత

"క్లైమాక్స్ రికార్డే కాలేదు," అంది ఎడిటర్.

డైరెక్టర్ అప్పుడే వానలో తడిసి ఎడిటింగ్ రూమ్‌లోకి వచ్చాడు. తలైనా తుడుచుకోలేదు.

"జోకులొద్దండీ. అత్త గంటసేపు మాట్లాడింది. ఈ రెండు చేతుల్తో నేనే తీశాను."

"ఆ రెండు చేతుల్తోనే బటన్ తిరగేసి నొక్కారు. ఆన్ చేశాననుకుని ఆపారు, ఆపాననుకుని ఆన్ చేశారు. కెమెరా ముందు అత్తయ్య చెప్పిందంతా గాల్లో కలిసింది. కట్ చెప్పాక కెమెరా కిందికి దించారు చూడండి, అప్పటి మీ చెప్పులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి."

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆ సినిమా అతని మేనత్త గురించి. పెళ్ళి వద్దని ఇల్లు వదిలి, గ్యారేజీ వెనక పడేసిన పాత బస్సునే ఇల్లు చేసుకుని, గొడుగులు బాగుచేస్తూ బతికే మనిషి. చుట్టాలందరికీ ఆమె పిచ్చిది. కాదని పదిమందిలో చూపించాలన్నది అతని పంతం. ఫెస్టివల్‌కి సినిమా పంపడానికి ఆ సాయంత్రమే ఆఖరు.

మొదటినుంచీ ఫోన్లో ఇద్దరూ ఉప్పూ నిప్పూ. షాట్ తీసెయ్యమని ఈమె, ప్రాణం పోయినా తియ్యనని అతను. ఇప్పుడు కడిగి పారేద్దామని కాచుక్కూర్చుంది. తీరా ఆ మొహం చూస్తే ఒక్క తిట్టూ నోటికి రాలేదు. పైగా గుండె దడదడలాడుతోంది. గడువు కంగారే అనుకుంది, పాపం అమాయకురాలు.

"దిగులు పడింది చాలు. ఆ చెప్పుల క్లిప్ నేనింకా పూర్తిగా వినలేదు, అదే చూద్దాం," అని ప్లే నొక్కింది.

తెరమీద నేల, బురద చెప్పులు. పైనుంచి అత్తయ్య గొంతు. కెమెరా ఆగిపోయిందనుకుని హాయిగా మాట్లాడుతోంది.

"ఒంటరిగా ఎందుకున్నావని ఒకటే గొడవేంట్రా? నా ఇంటికి రెండు తలుపులు. నచ్చినవాళ్ళు ముందునుంచి ఎక్కుతారు, నచ్చనివాళ్ళు వెనకనుంచి దిగిపోతారు. మీ ఇళ్ళల్లో దిగే తలుపేది?"

ఎడిటర్ ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇదే! క్లైమాక్స్ ఇదే! ఈ గొంతు మీద బస్సు మెట్లు, కిటికీకి వేలాడే గొడుగులు వేస్తాను. అవన్నీ మీరు ఇదివరకే తీశారుగా! అడిగి చెప్పించుకున్నదానికంటే వెయ్యిరెట్లు నయం!"

అతని మొహం వెలిగింది. అంతలోనే పాలిపోయింది.

"చాలండీ, ఇక్కడ ఆపేయండి."

"ఎందుకు?"

"ఇక ఏం లేదు. అంతా నస. కరెంటు దండగ."

అతని చెయ్యి కీబోర్డు మీదికి పాకింది. ఆమె స్కేలుతో ఒక్కటిచ్చింది. "నా టేబుల్ జోలికొస్తే ఊరుకోను!"

"నా సంగతి సరే, నీ సంగతేంట్రా?" అని అడుగుతోంది అత్తయ్య.

తెరమీద చెప్పులు ఇబ్బందిగా కదిలాయి. "ఒకమ్మాయి ఉంది అత్తా. నా ఎడిటర్. ఫోన్ చేసి తిడుతుంది. తిట్టని రోజు నాకు అన్నం సహించదు."

"చెప్పావా మరి?"

"సినిమా అయ్యాక చెప్తా. ఇప్పుడైతే పని కోసం కాకా పడుతున్నాననుకుంటుంది."

"అలాగే నాన్చుతూ కూర్చో. నా పక్కన ఇంకో బస్సు ఖాళీగానే ఉంది!"

క్లిప్ అయిపోయింది. డైరెక్టర్ తల ఎత్తలేదు. ఎడిటర్ చెవులు వేడెక్కాయి. నవ్వు ఆగక పెదవి కొరుక్కుంది. తనకీ అతని ఫోన్ రాని రోజు ఏ పనీ తోచేది కాదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంత సంతోషం కడుపులో పెట్టుకుని పని చెయ్యడం ఎవరి తరం?

"ముందు సినిమా," అంది ఎలాగో.

ఇద్దరూ ఒకే తెరకు అతుక్కుపోయారు. ఆమె కోసింది, అతికించింది. అతను తియ్యొద్దని ఒక్క షాట్ కోసం కూడా పోట్లాడలేదు. సాయంత్రం కాకముందే సినిమా వెళ్ళిపోయింది. అందినట్టు ఫెస్టివల్ వాళ్ళ నుంచి జవాబూ వచ్చింది.

ఆమె కుర్చీని అతనివైపు తిప్పింది. "సినిమా అయిపోయింది. చెప్పండి."

"విన్నారుగా!"

"మీ అత్తయ్యకి చెప్తుంటే విన్నాను. నాకు చెప్పలేదు."

అతను లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. సినిమా ఉన్నా లేకపోయినా, జీవితాంతం మీ చేత తిట్లు తినాలని ఉంది."

ఆమె స్కేలుతో టేబుల్ మీద టక్కున కొట్టింది.

"ఇంకో టేక్," అంది.

"ఏం, సరిగ్గా రాలేదా?"

"వచ్చింది. మళ్ళీ వినాలనుంది."