ఆదివారం దాణా

పందెం గుర్రం చాందిని సోమవారం ఉదయం ఆరింటికి పరుగులో కూలబడింది. పదింటికి ప్రాణం పోయింది.

ఎస్సై భూమేశ్ వెళ్లేసరికి గుర్రం తల ఎస్తేర్ ఒడిలో ఉంది. ఆమె భర్త యేసుబాబు శివరాత్రి జాతర పందెం కోసం ఆరు నెలలుగా దాన్ని ఉరికిస్తున్నాడు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో దానికి ఒక్కటే పోటీ, తండా హరిలాల్ గుర్రం.

ఊళ్లో తీర్పు అప్పటికే అయిపోయింది, పోలీసులే ఆలస్యం. హరిలాల్ ఆదివారం సాయంత్రం వచ్చి చాందినికి బెల్లం పెట్టి వెళ్లాడు. అందులోనే విషం కలిపాడన్నారు. మధ్యాహ్నానికి అతను స్టేషన్‌లో ఉన్నాడు. వట్టి బెల్లమేనని మొత్తుకున్నాడు. అతని భార్య జమున గేటు బయట చంటిబిడ్డతో నిలబడింది.

భూమేశ్‌కు మాత్రం మింగుడు పడలేదు. గుర్రం నోట నురగ లేదు. పిరుదులు రాయిలా బిగుసుకున్నాయి. మూత్రం పడిన చోట ఇసుక డికాక్షన్ రంగుకు తిరిగింది.

కామారెడ్డి నుంచి పశువుల డాక్టర్ వచ్చి పోస్ట్‌మార్టం చేశాడు. కడుపులో విషం జాడ లేదన్నాడు. తన అనుమానం వివరించి, ముందురోజు గుర్రం ఏం చేసిందో, ఏం తిందో కనుక్కోమన్నాడు.

సాయంత్రం భూమేశ్ హరిలాల్‌ను జీపులో ఎక్కించుకుని యేసుబాబు ఇంటికి వచ్చాడు.

"నిన్న ఉరికించినవా?"

"లేదు సార్. ఆదివారం మేం పని ముట్టం. ప్రార్థనకు పోతం. దానికి గూడ ఆరామే."

"దాణా?"

ఎస్తేర్ జవాబిచ్చింది. "రోజు ఉడకబెట్టి పెట్టేటి ఉలవ గుడాలే సార్. నిన్న ఇంకింత ఎక్కువనే పెట్టిన. మేం కోడికూర వండుకొని తింటిమి, అదొక్కటి ఉత్తగ ఎందుకుండాలె అని."

"పోయిన సోమవారం ఎట్లుండె?"

"జర బిగుసుకపోయి నడిచింది. బద్ధకమనుకున్న," అన్నాడు యేసుబాబు.

చెప్పకపోతే ఊళ్లో హరిలాల్ మీద పడ్డ మచ్చ పోదు. చెబితే ఎస్తేర్ ఏమవుతుందో అని భూమేశ్ వెనకాడాడు.

చివరికి చెప్పాడు. రోజూ ఉరికే గుర్రాన్ని ఒకరోజు కట్టేస్తే ఆ రోజు గింజ బాగా తగ్గించాలి. నిండా గింజో తీపో తిని, కదలకుండా నిలబడి, మర్నాడు ఒక్కసారిగా ఉరికితే కండలు లోపలే చితికిపోతాయి. ఆ రంగు మూత్రం దాని గుర్తే. విషం ఎవరూ పెట్టలేదు.

"అంటే నేనే సంపిన్నా సార్?" అంది ఎస్తేర్.



హరిలాల్ వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. పొద్దంతా ఆ బెల్లం గురించి ప్రమాణాలు చేసిన మనిషి.

"నీ ఒక్కదానిదే కాదక్కా," అన్నాడు. "బెల్లం నేను గూడ పెట్టిన గద."