వెనక గదిలో ఊదేది

సందు చివర ఆ కొట్టు చిన్నదే. ముందు గది, వెనక గది, రెండింటికీ మధ్య ఒక తలుపు. ముందు గదిలో పొడుగాటి బల్ల. దాని మీద టంకం వేసే సామాను, సొట్టలు తీసే ఇనప కడ్డీలు, నూనె సీసాలు, గుడ్డ పీలికలు. కొట్టు యజమానిని అందరూ ఇత్తడాయన అనేవారు. పాడైన ట్రంపెట్లు బాగుచెయ్యడం ఆయన పని. మనిషి ముక్కుసూటి. పని దగ్గర పరాచికాలు పనికిరావనేవాడు. పిల్లలు లేరు. భార్య పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ ఒంటికాయ శొంఠికొమ్ములా కొట్టులోనే వంట, కొట్టులోనే పడక.

వానలు మొదలయ్యే ముందు ఒక బడి నుంచి సంగీతం మాస్టారు బండి నిండా పాత ట్రంపెట్లు తెచ్చి దింపాడు. ఒకప్పుడు పిల్లలు నేర్చుకోవడానికి తెప్పించినవి. సామాన్ల గదిలో దుమ్ముకొట్టుకుని పడి ఉన్నాయట.

"బడికి కొత్తవి కూడా కొన్నాం బాబాయ్ గారూ. చూడండి వాటి సొగసు" అంటూ ఒక కొత్త ట్రంపెట్ చేతిలో పెట్టాడు.

ఇత్తడాయన దాని మూతి అంచుని రెండు వేళ్ళతో నొక్కాడు. సొట్ట పడింది.

"ఇది ట్రంపెట్ కాదు నాయనా. పసుపు రంగు పూసిన రేకు డబ్బా. పిల్లాడు ఎత్తి పడేస్తే సరే, గట్టిగా చూసినా వంగిపోయేట్టుంది."

పాతవి అలా కాదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పిల్లలు పడేస్తారని తెలిసి, పడేసినా బతకాలని చేసిన వస్తువులవి. ఇత్తడి మందం. అతుకు వేసిన చోట వేలితో తడిమితే తగలదు. మడతల్లో దుమ్ము పేరుకున్నా, తుడిచి రెండు చుక్కల నూనె వేస్తే మీటలు దిగి మళ్ళీ లేచేవి. పైమెరుగు పోయి గోధుమరంగుకి తిరిగాయి కానీ ఒంట్లో బలం పోలేదు. పసివాడికి మంచీ చెడూ తెలియదు కదా, ఎలా చేసినా చెల్లుతుందని వాటిని చేసినవాడు అనుకోలేదు. ఎవరూ చూడని చోట కూడా నీతిగా పని చేశాడు. ఆ మనిషి ఎవరో గానీ, ఇత్తడాయన ఆ ట్రంపెట్లు తాకినప్పుడల్లా మనసులో దణ్ణం పెట్టుకునేవాడు.

స్వరం కూడా అంతే. పెద్ద హంగు ఉండదు. తిన్నగా, గుండ్రంగా వస్తుంది. చేత్తో సానపట్టిన వస్తువులు గనక ఏ ఒక్కటీ ఇంకోదానిలా పలకదు. ఒకటి కాస్త బొంగురు, ఒకటి పదును, ఒకటి జలుబు చేసినట్టు.

బడిలో వాడుకలో ఉన్న రోజుల్లో ఇవి బాగుకి ఇక్కడికే వచ్చేవి. అప్పట్లో ఈ తేడాలు పట్టేది ఆయన భార్య. ఇత్తడాయనకి ముందు పళ్ళు ఎప్పుడో పోయాయి. పళ్ళు లేని నోటికి ట్రంపెట్ లొంగదు. అందుకని ఆయన బాగుచేసేవాడు, ఆవిడ ఊది చూసేది. వెనక గదిలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరకి వేసుకుని, ఒక్కటే పొడుగు స్వరం ఊదేది. "బుగ్గలు పొంగిన నా మొహం చూశావంటే రాత్రికి అన్నం సహించదు. అటు తిరిగి కూర్చో" అనేది. ఆయన వీధి వైపు తిరిగి కూర్చుని వినేవాడు. ఒక మీటని ఇంకో మీట గొట్టంలో పెట్టేస్తే గాలి ఆగిపోతుంది, చప్పుడే పుట్టదు. అప్పుడు లోపల్నుంచి, "మహానుభావా, మళ్ళీ తారుమారు చేశావు!" అని వినపడేది. అంతే. ఆవిడ ఊదనిదే ఆ కొట్టు గడప ఏ ట్రంపెట్టూ దాటలేదు. అది వాళ్ళ నియమం.

సంగీతం మాస్టారు తెచ్చిన వాటిలో సగం తయారయ్యాయి. మాస్టారు వచ్చాడు.

"అన్నీ ఊది చూశారా బాబాయ్ గారూ?"

ఇత్తడాయన నోట జీవితంలో అబద్ధం రాలేదంటే నమ్మాలి. "లేదయ్యా, ఊదేవాళ్ళు లేరు, నువ్వే చూసుకో" అంటే పోయేది. కానీ ఆ మాట అంటే ఆవిడ లేదని ఒప్పుకున్నట్టు. నాలుక తనంతట తానే కదిలింది.

"ఆఁ. చూశాం."

చూశాం. ఒక్కడు కాదు, ఇద్దరు. మాస్టారు సంతోషంగా పట్టుకెళ్ళాడు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. అది తప్పు మాట. అతికిన అబద్ధమే ఎక్కువ ప్రమాదం.

ఆ సాయంత్రం దీపం వెలిగించి, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. వెనక గదిలో మిగిలిన ట్రంపెట్లున్నాయి. గాలి స్తంభించి ఉంది. నూనె వాసన, తడి ఇత్తడి వాసన.

స్వరం వచ్చింది.

పొడుగ్గా, తిన్నగా, గుండ్రంగా. వెనక గదిలోంచి.

ఇత్తడాయన కదల్లేదు. వెనక్కి తిరగలేదు. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం కారాయి. స్వరం ఆగాక చాలాసేపటికి, "బాగుందా?" అన్నాడు.

ఆ రాత్రి ఏడాది తరవాత కంటినిండా నిద్రపోయాడు.

అప్పట్నుంచీ అదే వరస. పగలు ఒక ట్రంపెట్ బాగుచేసి వెనక గదిలో పెడతాడు. పొద్దుగూకాక స్వరం వస్తుంది. ఆయన అటు తిరిగి వింటాడు. అన్నిట్లోనూ ఒకే స్వరం. బొంగురుదీ, పదునుదీ, జలుబుదీ... అన్నీ ఒక్కలాగే పలుకుతున్నాయి. ఆ తేడా ఆయన చెవికి తెలియక కాదు. తెలుసుకోదలచని మనిషికి చెవులున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రెండు వీధుల అవతల ఆయన మరదలుంది. భార్యకి చెల్లెలు. వయసు మళ్ళినా నోరు మళ్ళని మనిషి. రెండు రోజులకోసారి క్యారేజీతో వచ్చేది.

"బావా, మా ఇంట్లో మూల గది ఖాళీగా ఉంది. మీ తోడల్లుడు నీ కోసం మంచం కూడా బిగించాడు. ఒక కాలు కుంటుతోంది అనుకో, అది వేరే సంగతి. వచ్చెయ్యి."

"ఇక్కడ బాగానే ఉందే నాకు."

"ఏం బాగు? గోడలతో మాట్లాడుకుంటున్నావు. మొన్న నేనొచ్చేసరికి 'బాగుందా, బాగుందా' అని ఎవర్ని అడుగుతున్నావు?"

ఇత్తడాయన తల వంచుకుని గుడ్డతో మీట తుడిచాడు. "ట్రంపెట్‌ని."

"అది చెప్పిందా?"

"నీ కన్నా తక్కువే మాట్లాడింది."

ఆవిడ నవ్వింది కానీ ఆ నవ్వు నిలవలేదు. వెళ్తూ గడపలో ఆగింది. "బావా, అక్క ఉంటే నిన్నిలా ఉండనిచ్చేదా? ఇంకెన్నాళ్ళు? బతికున్నవాళ్ళ మధ్యకి రా. వాన ముదిరేలోపు నేనే వచ్చి తీసుకుపోతాను, చెయ్యి పట్టుకుని."

ఆయన సరే అనలేదు. వెళితే ఆ స్వరం ఉండదు. స్వరం లేకపోతే ఆవిడ నిజంగానే లేదు. ఇదీ ఆయన లెక్క.

వాన ముదిరింది.

ఆ రోజు పొద్దుట్నుంచీ మబ్బు. చూపు ఆనక, కిటికీ పక్కన కూర్చుని చివరి ట్రంపెట్ బిగించాడు. వెనక గదిలో పెట్టాడు. చీకటి పడుతుండగా కరెంటు పోయింది. సందు మొత్తం నల్లబడింది. చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి. కొవ్వొత్తి వెలిగించి, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

స్వరం వచ్చింది. ఎప్పటికన్నా నిండుగా వచ్చింది. వాన చప్పుడుని తొక్కేసింది.

"బాగుందా?" అన్నాడు.

కొవ్వొత్తి పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ట్రంపెట్ తీసుకున్నాడు. పెట్టెలో పెట్టేముందు గొట్టంలో తడి పోవడానికి ఉఫ్ మని గాలి ఊదడం అలవాటు. దానికి పళ్ళక్కర్లేదు. నోరు పెట్టి ఊదాడు.

గాలి పోలేదు.

మళ్ళీ ఊదాడు. ఊపిరి తిరిగొచ్చి తన మొహానికే కొట్టింది.

కొవ్వొత్తి కింద పెట్టి, మీటలు విప్పి చూశాడు. చేత్తో తడిమాడు. మొదటిది మూడోదాని చోట ఉంది. మూడోది మొదటిదాని చోట. పొద్దున్న మసక వెలుతురులో తానే తారుమారు చేశాడు.

అంటే దీంట్లోంచి స్వరం రాదు. ఎవరు ఊదినా రాదు. బతికున్నవాళ్ళు ఊదినా... పోయినవాళ్ళు ఊదినా. గాలికి దారే లేదు.

మరి ఇందాక మోగింది...

బొంగురుదీ, పదునుదీ ఒక్కలా ఎందుకు పలికాయో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఏ ట్రంపెట్టూ మోగలేదు. ఈ గదిలో ఏదో... దాని సొంత గొంతుతో... ట్రంపెట్‌లా...

కొవ్వొత్తి ఆరిపోయింది.

ఒక వాసన వచ్చింది. నూనెది కాదు, ఇత్తడిది కాదు. ఏళ్ళుగా మూసి ఉన్న పెట్టె తెరిస్తే వచ్చే వాసన.

స్వరం మళ్ళీ మొదలైంది. ఈసారి గది మూలలోంచి కాదు. కుడి చెవి పక్కన. ట్రంపెట్ తన చేతుల్లోనే ఉంది. స్వరం సాగుతోంది... సాగుతోంది... మధ్యలో ఊపిరి తీసుకోవడం లేదు. ఊదే మనిషి ఎవరైనా ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకోవాలి. ఆవిడ తీసుకునేది. ఇది తీసుకోవడం లేదు.

"నువ్వు..." అన్నాడు. "నువ్వు ఆవిడవి కాదు."

స్వరం టక్కున ఆగింది.

వాన. చూరు నీళ్ళు. ఇంకేమీ లేదు.

"లేదు" అన్నాడు ఇత్తడాయన, చీకట్లోకి. "ఆవిడ లేదు. పోయింది. ఊది చూశామని నేను అబద్ధమాడాను. రేపు వెళ్ళి మాస్టారికి చెబుతాను."

ఏడాదిగా నోటికి రాని మాట అది. అన్నాక గుండె తేలికపడింది. ఇక ఈ కొట్టులో ఉండనక్కర్లేదనిపించింది.

అంతలో వీధిలోంచి పిలుపు. దేవుడు పంపినట్టు.

"బావా! ఓ బావా! కరెంటు లేదుగా, ఒక్కడివీ ఏం చేస్తున్నావు? గొడుగు తెచ్చాను, పద! ఇవాళ కాదంటే ఊరుకోను!"

మరదలు.

ఇత్తడాయన ట్రంపెట్ కింద పెట్టి, ఆత్రంగా తలుపు దగ్గరకి నడిచాడు. మధ్య తలుపు మూసి ఉంది. తను వెయ్యలేదు. తోశాడు. కదల్లేదు.

నోరు తెరవబోయాడు. ఆ లోపే ముందు గదిలోంచి జవాబు వెళ్ళింది.

"వస్తున్నానే. అరవకు, సందంతా లేస్తుంది."

తన గొంతు. అచ్చంగా తనదే. పళ్ళు లేని నోట్లో మాట జారే తీరు కూడా.

ముందు గదిలో అడుగులు. చెప్పులు తొడుక్కున్న చప్పుడు. వీధి తలుపు తెరుచుకుంది.

"అమ్మయ్య, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. ఏం బావా, చెయ్యి ఇంత చల్లగా ఉందేం?"

"నీళ్ళల్లో పని చేశాను."

"గొడుగులోకి రా. ఇంకొంచెం దగ్గరకి. తడుస్తావు."

ఇత్తడాయన తలుపు మీద రెండు అరచేతులూ పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసి అరిచాడు. ఆమె పేరు పెట్టి అరిచాడు. దాని చెయ్యి వదిలెయ్యమని అరిచాడు.

బయట అడుగులు ఆగాయి.

"బావా... నువ్వు బయట ఉన్నావుగా. మరి లోపల ట్రంపెట్ ఊదుతున్నదెవరు?"

ఆయన అరుపే బయటికి ట్రంపెట్ స్వరమై వెళ్ళింది.

"లోపల ఎవరున్నారే" అంది ఆయన గొంతు, ఎంతో ఆప్యాయంగా. "పద."

రెండు జతల అడుగులు నీళ్ళలో చప్పుడు చేసుకుంటూ సందు మలుపు దాటాయి. మలుపు దగ్గర మరదలు దేనికో గట్టిగా నవ్వింది. ఆ తరవాత వినపడలేదు.

అప్పుడు మధ్య తలుపు మెల్లగా, తనంతట తానే తెరుచుకుంది. ఆయన చీకట్లో పడుతూ లేస్తూ వీధి తలుపు దాకా వెళ్ళి లాగాడు. బయట తాళం వేసి ఉంది.

తాళంచెవి మాత్రం ఆయన చొక్కా జేబులోనే ఉంది. వెచ్చగా, ఇప్పుడే ఎవరి పిడికిట్లోంచో తీసి వేసినట్టు.