ముందుకు తిప్పిన గడియారం

యాసిర్ పరుగెత్తుతున్నాడు!

టూంగాబీ స్టేషన్ దాటాడు. కుడివైపు సందు. ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ ఊడిందో తెలియదు.

ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కి ఇంకా ఆరు నిమిషాలు...

టూంగాబీ హాల్లో భార్య నిదా ఉంది. నాలుగేళ్ల కూతురు మరియం ఉంది. ఇంకో అరవైమంది ఉన్నారు. కారు నిదా తీసుకెళ్లింది. ఆమె ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. పోలీసులేమో "పది నిమిషాల్లో" అన్నారు.

భయం వేయాలి. వేయడం లేదు. ఒళ్లంతా మొద్దుబారిపోయింది.

యాసిర్ వైటూకే కాంట్రాక్టర్. ఇంట్లో కూర్చుని, మోడెమ్ మీద క్లయింట్ల కంప్యూటర్లలోకి వెళ్లి, 1999 దాటి 2000 రాగానే అవి తికమకపడకుండా తేదీలు సరిచేస్తాడు. ఫోన్‌లో పేరు జేసన్. కంపెనీ పెట్టిన పేరు. యాసిర్ అంటే బిజినెస్ రాదట!

ఇవాళ్టి క్లయింట్ రాడ్ హ్యాన్లన్, కలప వ్యాపారి. ఎంత మర్యాదో! "థ్యాంక్స్, జేసన్, మేట్!"

ఈ పనిలో మొదటి రూలు ఒకటుంది. గడియారం ముందుకు తిప్పి టెస్ట్ చేసేముందు, క్లయింట్ చేత ఫ్యాక్స్ వైరు పీకించాలి. హ్యాన్లన్ ఫోన్ ఎత్తలేదు. యాసిర్ ఆగలేదు. డిసెంబర్ 28ని 31 చేశాడు.

స్క్రీన్ మీద ఒక లైను... 'ఫ్యాక్స్ వెళ్లింది. ఆరుగురికి.'

ముప్పై ఒకటో తారీఖు కోసం దాచిన ఫ్యాక్స్! ఆ రోజు వచ్చేసిందనుకుని కంప్యూటర్ పంపేసింది!

'ఈ సాయంత్రమే. టూంగాబీ హాలు. వాళ్లు తినడానికి కూర్చోగానే తలుపులకి గొలుసు. పెట్రోల్.'

మిగతా ఫైళ్లు తెరిచాక తెలిసింది, ఆ మర్యాద వెనకున్న మనిషెవరో. పదేళ్ల కిందట స్టేషన్ గోడలకి 'నల్లవాళ్లూ, పోండి' అని పోస్టర్లు అంటించినవాడు. ఇవాళ తెల్లజాతి దళానికి న్యూ సౌత్ వేల్స్ లీడర్. మూడొందలమంది అతని మాట జవదాటరు.

అదిగో హాలు!

తలుపుకి గొలుసు పడిపోయింది. గుప్పుమని పెట్రోల్ వాసన. మెట్ల మీద ఇద్దరు. ఒకడి చేతిలో క్యాన్. ఇంకొకడి చేతిలో గన్!

లోపలినుంచి ఎవరో దబదబా బాదుతున్నారు.

"తెరవండ్రా! నేను! రాడ్‌ని!"

యాసిర్ కాళ్లు ఆగిపోయాయి. ఆ గొంతు...!

క్యాన్ వాడు తడబడ్డాడు. "బాస్ గొంతులా ఉంది..."

"బాస్ వాళ్లతో కూర్చుని తింటాడా? బుద్ధుందా నీకు!" గన్ వాడు తలుపుకి గురిపెట్టాడు.

ఢాం!

బాదడం ఆగింది.

సైరన్! ఇద్దరూ క్యాన్ పారేసి పరుగో పరుగు. పోలీసులు గొలుసు తెంచారు.

తలుపు దగ్గరే పడి ఉన్నాడు హ్యాన్లన్. చొక్కా అంతా రక్తం. చుట్టూ చెల్లాచెదురుగా ఖర్జూరాలు.

మరియంని ఎత్తుకుని నిదా నిలబడి ఉంది. ఇద్దరికీ ఏమీ కాలేదు. యాసిర్‌కి ఏడుపు రాలేదు.

"పక్క వీధిలనే ఉంటనన్నడు," అంది నిదా. "హాలంత తిరిగి చూసిండు. మెహమాన్ కదా అని ఫస్ట్ ప్లేట్ ఆయనకే పెట్టినం."

ముప్పై ఒకటికి తలుపులెక్కడున్నాయో చూసుకోడానికి వచ్చాడన్నమాట!

యాసిర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "హోల్డ్ ఆన్, సర్. అంబులెన్స్ వస్తోంది."

ఆ గొంతు వినగానే హ్యాన్లన్ కళ్లు విచ్చుకున్నాయి. ఎదురుగా ఉన్న మొహం వంక చూశాడు.

"జేసన్...?"

ఆ కళ్లు మళ్లీ మూసుకోలేదు.

"జేసన్ ఎవరు?" నిదా అడిగింది. "వీళ్లు ఇయ్యాలనే వస్తరని మీకెట్ల తెలిసింది?"

యాసిర్ చెప్పు లేని కాలి వంక చూసుకున్నాడు.

"నేనే పిలిచిన."