తొమ్మిదో అధ్యాయం దగ్గర నాడి

2079లో నవకోరంగి పోలీసులు ఏటా ఒక డిటెక్టివ్ నవల చదవాలి. చదివేటప్పుడు మణికట్టుకు నాడీపట్టీ కట్టుకోవాలి. నిజాయితీ పరీక్ష అంతే.

నవలలో ఇన్‌స్పెక్టర్ గరుడాచలం లంచాలు తీసుకుంటాడు, భార్యతో అబద్ధాలాడతాడు, హంతకులను పట్టుకుంటాడు. తొమ్మిదో అధ్యాయంలో సాక్ష్యం దొరక్క హంతకుడు తప్పించుకోబోతాడు. గరుడాచలం వాడి ఇంట్లో తానే ఒక కత్తి పెడతాడు. ఆ పేజీల దగ్గర పాఠకుడి నాడి ఎలా కొట్టుకుందో పట్టీ నమోదు చేస్తుంది. యంత్రం దాన్ని ప్రమాణరేఖతో, అంటే బేస్‌లైన్‌తో, పోలుస్తుంది. కలిస్తే ఆకుపచ్చ. కలవకపోతే ఎరుపు, ఉద్యోగం పోతుంది.

ఆ ఏడు నాలుగు వందల పన్నెండు మంది చదివారు. ఎరుపు ఒక్కరికే వచ్చింది: ఎస్సై సలాది భద్రం. తొలగింపు ఉత్తర్వు సాయంత్రం నాలుగింటికి. మూడింటికి అతను డాక్టర్ సువర్చల ల్యాబ్‌కు వచ్చాడు. ఆ యంత్రాన్ని తయారుచేసింది ఆమే.

"పదహారేళ్ల సర్వీసండి మేడం. స్టేషన్‌కొచ్చినోళ్ల దగ్గర టీ కూడా తాగలేదండి."

"తొమ్మిదో అధ్యాయంలో ఏమనిపించింది?"

"చెమటలు పట్టేశాయండి. ఆయన కత్తి పెడుతుంటే పుస్తకం మూసేద్దామనుకున్నాను."

"మిగతావాళ్లకు?"

"వాళ్లకదే ఇష్టమండి. మెస్సులో రోజూ ఇదే గోల. 'గరుడాచలం మనోడ్రా' అంటారు. తప్పు ఆయన చేస్తాడు, హాయి మనకండి."

సువర్చల మూల రీడింగులు తెరిచింది. నాలుగు వందల పదకొండు మందికి ఆ పేజీల్లో నాడి నెమ్మదించింది. ఎనభై నాలుగు నుంచి డెబ్బై దరిదాపులకు. భద్రం నాడి నూట పన్నెండుకు పెరిగింది.

"ప్రమాణరేఖ ఎవరిది?" అని యంత్రాన్ని అడిగింది. అడుగుతుండగానే జవాబు తట్టింది. ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది. ఏ పరికరాన్నయినా తయారుచేసినవాళ్లు ముందు తమ ఒంటి మీదే సరిచూడాలి.

"మీదే. 2076 జూన్ పదకొండు. తొమ్మిదో అధ్యాయం మూడుసార్లు చదివారు," అంది యంత్రం.

ఆమె కమిషనర్‌కు ఫోన్ చేసింది. "సార్, భద్రం తప్పేం లేదు. తప్పు రేఖలో ఉంది. అది నా నాడి. అతనొక్కడే ఆ కత్తిని ఒప్పుకోలేదు."

"అంటే మిగతా నాలుగొందల పదకొండు మందిమీ దొంగలమా? నేనూ చదివానమ్మా. ఆకుపచ్చే వచ్చింది." అవతల ఎవరో నవ్వారు. "నాలుగింటికి సంతకం పెడుతున్నా."

ఫోన్ కట్టయింది. గడియారంలో మూడూ నలభై అయింది.

"క్యాంటీన్‌కెళ్లి టీ తాగి రండి, భద్రంగారూ."

"మేడం, అయితే నా సంగతి..."

"తాగి రండి."

"డబ్బులు నేనే ఇచ్చుకుంటానండి," అంటూ అతను వెళ్లాడు.

పట్టీ కట్టుకోనిదే యంత్రం ఫైళ్లను మార్చనివ్వదు. సువర్చల కట్టుకుంది. భద్రం ఫైలులో తొమ్మిదో అధ్యాయం రీడింగు తీసేసింది. అక్కడ 2076 నాటి తన రీడింగు పెట్టింది. ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. కమిషనర్‌కు కాపీ పంపింది.

ఫైలు మార్చినవారి నాడిని యంత్రం ప్రతిసారీ చదివి వినిపిస్తుంది.

"మార్పు నమోదైంది. మీ నాడి ఎనభై నాలుగు నుంచి డెబ్బైకి దిగింది. ప్రమాణరేఖతో కలిసింది. ఆకుపచ్చ."