విడిమందు శాతం

ఏడో మంచం పక్కనున్న తెర మీద అంకె ముప్పై దాటగానే వార్డులో ఎవరో చప్పట్లు కొట్టారు. డాక్టర్ వసుంధర ముఖం కూడా వెలిగింది. ఆ మీటర్ ఆమె ఆరేళ్ల కష్టం మరి.

కాకినాడలో అప్పటికి మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగే పుళ్లే కరువయ్యాయి. బాక్టీరియా అంతగా మొండికేసింది. మిగిలిన ఒకే ఒక్క గట్టి మందుకి ఓ తిరకాసుంది. రక్తంలోకి వెళ్లగానే అందులో నూటికి తొంభై పాళ్లు ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుపోతుంది. అతుక్కున్న మందు బాక్టీరియాని ఏమీ చేయలేదు, విడిగా తిరిగేదే చంపుతుంది. ఆ విడిమందు ఎంత శాతమో మణికట్టు పట్టీతో గంటగంటకీ కొలిచి చూపేదే వసుంధర మీటర్.

శాతం అనేసరికి మనవాళ్లు ఊరుకుంటారా? వారం తిరక్కుండానే మార్కుల గోల మొదలైంది. "మావాడికి పద్నాలుగేనండి, మీవారికెంతొచ్చింది?" అని మంచాల మధ్య ఒకటే ఆరాలు. అందరిలోకీ ఫస్టు ఏడో మంచం వీర్రాజు. బోటు ఇంజన్ల మెకానిక్, ప్రొపెల్లర్ తగిలి కాలు చీరుకుపోయి వచ్చాడు. అంకె అంత బాగుంది కదా అని వసుంధరే అతని డోసు కొంత తగ్గించింది.

పన్నెండో రోజున వీర్రాజుకి జ్వరం తిరగబెట్టింది. పుండు నల్లబడింది. సర్జన్ చూసి, "రెండు రోజులు ఆగుతాను. తగ్గకపోతే మోకాలి దాకా తీసేయాలి," అని వెళ్లిపోయాడు. తెర మీద మాత్రం నలభై ఒకటి నిక్షేపంలా వెలుగుతోంది. వసుంధర కేసు షీటు మొదటి నుంచీ తిరగేసింది.

"మీ ఆయన ఏం తింటున్నాడమ్మా?" అని వీర్రాజు భార్య నూకరత్నాన్ని అడిగింది.

"గంజేనండి. గుడ్లూ, పప్పూ, చేపా అన్నీ మానిపించేశానండి."

"అదేంటి!"

"మందు ప్రొటీనుకి అంటుకుపోద్దని మీరే సెప్పారు కదండీ. గుడ్లల్లో అదే ఉంటాదని మా అమ్మాయి సెప్పింది. మానేశాక సూడండి, మార్కులెలా పెరిగాయో!"

వసుంధర స్టూలు మీద కూలబడింది.

"రక్తంలో ప్రొటీన్ బస్సనుకో, మందు కూలీ అనుకో. బస్సులో కూర్చున్న కూలీ కలుపు తీయడు, దిగినవాడే తీస్తాడు. నిజమేనమ్మా. కానీ దిగినవాడు కాసేపటికి ఇంటికి పోతాడు. విడిమందుని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. బస్సులోంచి ఒక్కొక్కరే దిగుతూ ఉంటేనే చేలో ఎప్పుడూ మనుషులుంటారు. మీ ఆయనకి బస్సే లేకుండా పోయింది. శాతం పెరిగింది, మందు తరిగింది."

నూకరత్నం ముఖం పాలిపోయింది. "అయితే ఆయన కాలు నేనే తీయించేత్తన్నానా అండీ?"

"నువ్వు కాదు. సగం ఆల్బుమిన్ని జబ్బే తినేసింది. అది చూసుకోకుండా డోసు తగ్గించింది నేను."

వసుంధర తెర వైపు తిరిగింది. ఎంత శాతం అని చూసిందే గానీ, దేంట్లో శాతమో చూడలేదు.

అప్పటికప్పుడు డోసు రెట్టింపు చేసింది. రోజుకి ఒకసారి ఇచ్చేది మూడుసార్లు చేసింది. గుడ్లు దగ్గరుండి తినిపించింది. రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది, కాలు దక్కింది. ఆ తర్వాత నెల రోజుల్లో అంకె దిగుతూ దిగుతూ పన్నెండు దగ్గర ఆగింది.

ఇంటికి వెళ్లే రోజు వీర్రాజు కర్ర పట్టుకుని తన కాళ్ల మీదే నడుస్తుంటే, కొత్తగా చేరిన పేషెంటు తాలూకు ఆవిడ నూకరత్నాన్ని ఆపింది. "మీవారికెంతొచ్చిందండి?"

నూకరత్నం వసుంధర వైపు ఓరగా చూసింది. "నలభై ఒకటండి," అంది. "వార్డు ఫస్టు."

వసుంధర సరిదిద్దబోయి ఆగిపోయింది. వచ్చే వారం ఢిల్లీ సదస్సులో తన మీటర్ గొప్ప చెబుతూ చూపబోయే మొదటి స్లైడు మీద కూడా ఆ అంకే ఉంది.