బి బదులు ఎనిమిది

"మీకు కళ్ళు కనిపిస్తున్నాయా అండీ?"

వానలో తడుస్తూ, పార్కింగ్ ఆఫీసు అద్దానికి ఉన్న గుండ్రటి కన్నంలోకి వంగి అతను అడిగిన మొదటి మాట అది.

లోపల కూర్చున్న అమ్మాయి కళ్ళజోడు సర్దుకుంది. "కనిపిస్తున్నాయండీ. చెప్పండి."

"అయితే ఇదేంటి? మిషన్‌లో బండి నంబరు కొట్టి, డబ్బు కట్టే వెళ్ళాను. కట్టలేదని ఇంటికి ఫైను పంపిస్తారా?"

"రసీదు ఉందా అండీ?"

"రసీదు దాచుకోడానికి అదేమన్నా పెళ్ళి ఫోటోనా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి హుషారొచ్చింది.

"రెండు రోజులు టైమివ్వండి. కెమెరా ఫోటోలు, మిషన్ రికార్డు చూసి చెప్తాను" అంది ఆ అమ్మాయి.

"చూడ్డం మీవల్ల అయ్యే పని కాదులెండి." అతను జేబులోంచి కార్డు తీసి కన్నంలోంచి లోపలికి తోశాడు. "పక్కవీధిలో కళ్ళజోళ్ళ షాపు నాదే. ఓసారి రండి, ఫ్రీగా టెస్ట్ చేస్తాను."

ఈసారి వరసంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. కార్డును అతని ఫైను కాగితానికి పిన్ను కొట్టి, "కంప్లయింట్ తీసుకున్నానండీ. తరవాతి వాళ్ళు రండి" అంది. ఆమె చెవులు ఎర్రబడటం అతను చూశాడు. చూసి, గెలిచాననుకున్నాడు.

షాపులో అక్క ఫ్రేములు చూపిస్తుంది, అతను వెనక గదిలో కళ్ళు పరీక్షిస్తాడు. డాక్టరు కాకపోయినా ఆ వీధిలో అందరికీ కళ్ళ డాక్టరే. ఆ సాయంత్రం కళ్ళ డాక్టరుకి పని తక్కువ, కోపం ఎక్కువ. ఫోను తీసుకుని ఆ పార్కింగ్ గురించి నెట్‌లో రాసి పడేశాడు. 'కళ్ళజోడు పెట్టుకున్న కౌంటర్ పిల్ల కట్టిన డబ్బు కట్టలేదంటోంది. మరి ఆ డబ్బు ఎవరి పర్సులోకి పోతోందో ఆ పిల్లనే అడగాలి.'

తెల్లారేసరికి మూడువందల మంది మెచ్చుకున్నారు. వాళ్ళ గ్రూపుల్లోనూ పంచుకున్నారు. అతను టీ తాగుతూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు.

ఎనిమిది రోజుల తరవాత మధ్యాహ్నం వేళ ఆమె షాపులోకి వచ్చింది. చేతిలో అతని కార్డు.

"ఫ్రీ అన్నారుగా. వచ్చాను."

మధ్యలో అద్దం లేకపోయేసరికి కళ్ళ డాక్టరు తడబడ్డాడు. "రండి, కూర్చోండి" అన్నాడు, అప్పటికే ఆమె కూర్చున్నాక.

ఆమె కళ్ళజోడు తీసి, బరువైన టెస్టింగ్ ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ దగ్గరగా వంగాడు. రోజుకు ముప్పైమంది కళ్ళలోకి చూసే మనిషి. ఆ రెండు కళ్ళలోకి చూసేటప్పుడు మాత్రం చేతిలో అద్దం జారి కిందపడింది.

"మీ షాపులో అద్దాలు పగిలితే ఫైను ఎవరికి?" అంది ఆమె.

"నాకే" అన్నాడు నవ్వి.

ఆమె నవ్వలేదు. గోడ మీది అక్షరాలన్నీ, అన్నిటికంటే చిన్నవైన ఆఖరి వరసతో సహా, గడగడా చదివేసింది.

"మీ పవర్ సరిగ్గానే ఉందండీ."

"అంటే నాకు కనిపిస్తున్నట్టేగా? అయితే లేవండి. సారీ, నేను లేస్తాను. మీరు కూర్చోండి."

ఎందుకో ఎదురు చెప్పకుండా కూర్చున్నాడు. ఆమె సంచీలోంచి రెండు కాగితాలు తీసింది.

"ఇది మీ కారు ఫోటో. నంబరులో మధ్య అక్షరం ఏంటి?"

"బి."

"ఇది మీరు మిషన్‌లో కొట్టిన నంబరు. అదే చోట ఏముంది?"

అతను కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఎనిమిది."

"రోజుకు పదిమంది కొడతారండీ ఇలా. అదేం పెద్ద తప్పు కాదు. మీ డబ్బు వేరే నంబరు కింద పడింది. ఆరోజు డ్యూటీ అయిపోయాక కూర్చుని వెతికితే దొరికింది. ఫైను కొట్టేసి ఉత్తరం పంపాను. రాలేదా?"

వచ్చింది. 'ఆ దొంగల ఉత్తరం విప్పకక్కా' అని అతనే సొరుగులో పడేయించాడు.

"మీరు నెట్‌లో రాసిన టైము చూశాను" అందామె. "ఏడుంపావు. సరిగ్గా ఆ టైముకి నేను మీ డబ్బే వెతుకుతున్నానండీ."

కళ్ళ డాక్టరు నేల వైపు చూశాడు. అక్కడ పగిలిన అద్దం ముక్కలున్నాయి.

"నేను తీసేస్తాను. ఇప్పుడే, ఈ క్షణమే..."

"తీసేయండి. కానీ మా నాన్న చదివేశారు. ఆయన బస్సు డ్రైవరు, ఈమధ్యే రిటైరయ్యారు. స్నేహితులెవరో ఆయన ఫోనుకి పంపారు. నన్నేమీ అనలేదు. 'అమ్మా, నువ్వు తీయలేదుగా?' అని ఒక్క మాట అడిగారు." ఆమె తన కళ్ళజోడు పెట్టుకుంది. "తీయలేదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా అడగాల్సొచ్చింది చూడండీ, అది మీవల్ల. మా మేనేజరు నన్ను కౌంటర్ మీంచి తీసేసి విచారణ అంటున్నాడు. అదైతే నేను చూసుకుంటాను. ఇది చెప్పడానికే వచ్చాను."

కార్డు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న అక్క సొరుగులోంచి ఉత్తరం తెచ్చి అతని ఒళ్ళో పడేసింది. విప్పాడు. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని అచ్చు అక్షరాల్లో ఉంది. కింద పెన్నుతో రాసిన మాట ఇంకొకటి: 'వానలో నిలబెట్టినందుకు సారీ అండీ.'

"చిన్నప్పట్నుంచీ ఇంతేరా నువ్వు" అంది అక్క. "నలుగురు నవ్వితే చాలు, నోటికి హద్దుండదు. ఆ పిల్ల స్థానంలో నన్ను ఊహించుకో ఒక్కసారి."

ఊహించుకున్నాడు. అన్నం సయించలేదు.

రాసింది తీసేశాడు. దాని స్థానంలో 'తప్పు నాదే' అని పెట్టాడు. దాన్ని పదకొండుమంది చూశారు. పాతది మాత్రం ఎవరెవరి ఫోన్లలోనో ఇంకా తిరుగుతూనే ఉంది.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. "ఫైను కొట్టేశాంగా, ఇంకేంటి సార్?" అన్నాడాయన విసుగ్గా.

"నంబరు నేనే తప్పు కొట్టాను. ఆ అమ్మాయి మీద రాసిందంతా అబద్ధం. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను."

"మీ పరువు పోతుంది కదండీ?"

"పోవాల్సింది అదే. వేరేవాళ్ళది పోయింది."

ఆ కాగితం నాలుగుసార్లు చింపి ఐదోసారి రాశాడు. సాకులన్నీ తీసేస్తే మిగిలింది నాలుగు వాక్యాలే. మేనేజరు చదివి, ఫైల్లో పెట్టి, "సోమవారం నుంచి ఆమె కౌంటర్లోనే ఉంటుంది" అన్నాడు.

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ 'నువ్వు తీయలేదుగా' అన్న మాట చెవిలోంచి పోలేదు. షాపులో పాత ఖాతాదారు ఒకాయన్ని, ఆయనా బస్సు డ్రైవరే, అడిగి ఇల్లు కనుక్కున్నాడు.

రెండో అంతస్తులో తలుపు తీసింది ఆమె నాన్నగారే. విషయం విని లోపలికి రమ్మన్నాడు, కూర్చోమనలేదు.

"ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను బాబూ. ఎన్నోసార్లు జనం తిట్టారు. తిట్టినవాడు దిగిపోయేవాడు, నేను మర్చిపోయేవాణ్ణి. నీ తిట్టు మాత్రం దిగట్లేదు. ఫోన్లోనే కూర్చుంది."

"క్షమించండి. మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"నా కాళ్ళెందుకు? ఊరందరి ముందూ అన్నావు, నాకొక్కడికే వచ్చి చెప్తే ఎట్లా?"

లోపలి గది తలుపు సందులోంచి ఆమె చూస్తోందని అతనికి తెలుసు. తలెత్తే ధైర్యం లేకపోయింది.

సోమవారం పొద్దున మళ్ళీ వాన. పార్కింగ్ ఆఫీసు ముందు గొడుగుల వరస. కళ్ళ డాక్టరు అందులో నిలబడి, తన వంతు వచ్చాక కన్నంలోకి వంగలేదు. వెనక్కి తిరిగాడు.

"ఒక్క నిమిషం వినండి! ఈ కౌంటర్ అమ్మాయి డబ్బు తీసిందని నెట్‌లో రాసింది నేనే. అబద్ధం. బి బదులు ఎనిమిది కొట్టిన వెధవని నేను. తన డ్యూటీ అయిపోయాక కూడా నా డబ్బు వెతికి పెట్టింది ఈవిడ. మీలో ఎవరి ఫోన్లో ఆ మెసేజ్ ఉన్నా, దయచేసి దాని కింద ఈ మాట కూడా పెట్టండి."

"కళ్ళ డాక్టరుకే కళ్ళు కనపడవా?" అన్నారెవరో. వరసంతా నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది అతనికి. తలవంచుకుని నిలబడి, ఆ నవ్వు పూర్తయ్యేదాకా విన్నాడు.

"ఏవండీ" అని వెనకనుంచి సన్నగా పిలుపు. అద్దం వెనక ఆమె చెవులు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి. "చాలండీ. లైన్ ఆగిపోయింది. వెళ్ళండి... గొడుగు తెచ్చుకోలేదా?"

"లేదండీ."

"ఒంటిగంటకి నాకు భోజనం టైము. అప్పటిదాకా ఆ చూరు కింద ఉండండి. తడవకండి."

ఒంటిగంటకి ఆమె రెండు కాఫీలు తెచ్చింది. చూరు కింద ఇద్దరూ వాన చూస్తూ తాగారు.

"క్షమించేశారా?" అన్నాడు.

"సగం."

"మిగతా సగం?"

"రోజుకు కొంచెం. తొందరేం లేదుగా మీకు?"

తొందర లేదన్నాడు. ఆర్నెల్లు రోజూ ఒంటిగంటకి వచ్చాడు. ఆమె అతన్ని ఏడిపించేది, అతను ఏడ్చినట్టు నటించేవాడు. కానీ చెప్పాల్సిన మాట దగ్గరికి వచ్చేసరికి, ఏడుంపావు గుర్తొచ్చి వాన సంగతో కాఫీ సంగతో ఎత్తేవాడు. వాళ్ళ నాన్నగారే ఒకరోజు షాపుకి వచ్చి అక్కని అడిగేశాడు. "ఏమ్మా, మీ తమ్ముడికి మాటలు రావా? అవసరం లేనప్పుడేమో బోలెడు వచ్చాయి!"

ఆ మధ్యాహ్నం అతను కాఫీ ముట్టుకోలేదు.

"మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుంటారా అని ఎప్పట్నుంచో అడగాలని. కానీ అంత చేసినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆమె కప్పు గట్టు మీద పెట్టి, అతని వైపు తిరిగి, తీరిగ్గా చూసింది.

"ఈ మొహమే పెట్టుకుని అడగండి" అంది. "ఆర్నెల్లుగా చూస్తున్నాను. నాకు అలవాటైపోయింది."